మొండి మొక్కే, కానీ దేనికి మొండి?

ముందటేడు వానకాలంలో మా వీధికి మొక్కల ఆటో వచ్చింది. నల్లగొండ చుట్టూ కొత్తగా లేచిన ఏ కాలనీకి వెళ్లినా జూన్, జూలై నెలల్లో ఇది కనిపిస్తుంది, వెనకాల మైకు పెట్టుకుని. "ఏం గాదన్నా, బండ మీద పెట్టినా బతుకుతది" అంటూ ఆ తమ్ముడు ఒక్కొక్కటి తీసి చేతికిచ్చాడు. పని తక్కువ, నీళ్లు తక్కువ, చావదు అన్నవే ఏరి ఎనిమిది తీసుకున్నాను. నూరు వరహాలు, కాగితం పూలు, గన్నేరు, దేవగన్నేరు, సీతాఫలం, కరివేపాకు, ఇంట్లోకి స్పైడర్ ప్లాంట్, స్నేక్ ప్లాంట్. మళ్లీ మృగశిర వచ్చేసరికి మూడు పోయాయి, రెండు కొసప్రాణంతో ఉన్నాయి. అన్నిటికంటే ముందు పోయింది స్నేక్ ప్లాంట్, అంటే ఆ ఎనిమిదిలో అన్నిటికంటే మొండిది అని అందరూ ఒట్టేసి చెప్పేది.

అమ్మిన తమ్ముడు అబద్ధం చెప్పాడని నేననను. అవి నిజంగా మొండివే. కాకపోతే మొండి అన్న మాట ఒక్కటే సగం మాట, దేనికి మొండి అన్నది కూడా అడగాలి. ఎండకా, నీళ్లు లేకపోవడానికా, నీళ్లు ఎక్కువవడానికా, ఉప్పు నీళ్లకా, మేకలకా? ఒకదానికి రాయిలా నిలబడేది ఇంకోదానికి వారంలో వాలిపోతుంది. మన నల్లగొండ, పాలమూరు వైపు ఇవన్నీ ఒకేసారి ఉంటాయి. అందుకే ఎక్కడో రాసిన "చావని పది మొక్కలు" పట్టిక పట్టుకుని మొదలుపెడితే ఇక్కడ లెక్క తప్పుతుంది.

ముందు నీటి కరువు సంగతి చూద్దాం, ఎందుకంటే మొండితనంలో పెద్ద భాగం అదే. మొక్క వేళ్లతో పీల్చే నీళ్లలో నూటికి తొంభై పాళ్లకు పైగా దాని ఒంట్లో నిలవవు, ఆకుల మీద కంటికి కనబడనంత చిన్న రంధ్రాలుంటాయి, వాటిలోంచి ఆవిరైపోతాయి. మరి ఆ రంధ్రాలు మూసుకుంటే పోలేదా అంటే, గాలి లోపలికి రావాల్సింది కూడా ఆ దారినే, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లేనిదే మొక్కకు తిండి లేదు. తలుపు తీస్తే నీళ్లు పోతాయి, మూస్తే కడుపు మాడుతుంది. ఈ తిప్పల నుంచి ఒక్కో మొక్క ఒక్కో రకంగా బయటపడింది, మనం మొండి మొక్క అంటున్నది ఆ ఉపాయాన్నే.

కలబంద, నాగజెముడు, స్నేక్ ప్లాంట్ లాంటివి పగలంతా తలుపులు బిడాయించుకుని కూర్చుంటాయి. రాత్రి చల్లబడ్డాక తెరిచి, లోపలికి వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను ఆమ్లంగా మార్చి దాచుకుని, తెల్లారాక తలుపులు మళ్లీ మూసి ఆ నిల్వతో ఎండలో వంట చేసుకుంటాయి. క్యామ్ పద్ధతి అంటారు దీన్ని. నీళ్లు బాగా ఆదా అవుతాయి గానీ పెరుగుదల నత్తనడక. గన్నేరుది ఇంకో ఉపాయం. ఆకు మందం, పైన మైనం పూత, రంధ్రాలు ఆకు అడుగున చిన్న చిన్న గుంటల్లో, ఆ గుంటల్లో మళ్లీ సన్నటి నూగు, వడగాలి నేరుగా తగలకుండా. జాతీయ రహదారి మధ్యలో, కింద తారు కాలుతుంటే అటూ ఇటూ లారీలు పోతుంటే అది అలా పూస్తూ నిలబడటానికి కారణం ఇదే. తంగేడు, వేప, జమ్మి లోతుకు వేరు దించుతాయి, జమ్మి వేరైతే పదుల మీటర్ల లోతుకు పోతుంది. తెలంగాణ రాష్ట్ర పువ్వు తంగేడు, రాష్ట్ర చెట్టు జమ్మి, రెండూ ఎవరూ నీళ్లు పోయకుండా పెరిగేవే కావడం నాకు భలే అనిపిస్తుంది.

ఇక నాలుగోది సీతాఫలం, దేవగన్నేరుల పద్ధతి. ఎండలు ముదరకముందే ఆకులన్నీ రాల్చేసి మోడుగా నిలబడతాయి. ఆకే లేకపోతే ఆవిరయ్యేదేముంది? నా సీతాఫలం మార్చిలో ఆకు రాల్చింది, ఏప్రిల్‌లో ఎండుపుల్లలా ఉంది, "చచ్చిన మొక్క వాకిట్ల ఎందుకు" అని ఇంట్లో అంటే పీకేశాను. పీకాక చూస్తే వేరు పచ్చిగా, లోపల తెల్లగా ఉంది. అంటే పోయిన మూడింటిలో ఒకటి నా చేతి చలవ. గోరుతో కొమ్మ మీద చిన్నగా గీరితే చాలు, పైపొర కింద ఆకుపచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. ఇది నాకు అప్పుడు తెలియదు.

స్నేక్ ప్లాంట్‌ని చంపింది కూడా నేనే, నీళ్లు పోసి. మిగతా కుండీలకు పోస్తూ దీనికీ రోజూ ఒక చెంబు. వేళ్లకు నీళ్లే కాదు గాలి కూడా కావాలి, మట్టి రేణువుల మధ్య సందుల్లో ఉండే గాలిని అవి పీల్చుకుంటాయి. ఆ సందులన్నీ ఎప్పుడూ నీళ్లతో నిండి ఉంటే వేరుకు ఊపిరాడదు, ఊపిరాడని వేరుకు బూజు జాతి తెగుళ్లు పట్టి కుళ్లుతుంది. అసలు మోసం ఎక్కడుందంటే, వేరు కుళ్లిన మొక్క నీళ్లు పీల్చలేదు కాబట్టి పైకి అచ్చం దాహంతో ఉన్నట్టే వాలిపోతుంది, మనం అయ్యో అని ఇంకో చెంబు పోస్తాం. కుండీల్లో మొక్కలు ఎండి చచ్చేవాటికంటే ఇలా మునిగి చచ్చేవే ఎక్కువని నా అనుమానం. మా అమ్మ దేవరకొండ దగ్గర ఊళ్లో ఉంటుంది, వచ్చినప్పుడు ఆ కుండీ చూసి "దానికి రోజూ నీళ్లెందుకు పోస్తివి బిడ్డా, అదేమన్నా బర్రెనా" అంది. అంతకంటే వివరంగా ఎవరూ చెప్పలేరు.

ఎన్ని రోజులకొకసారి పోయాలి అని అందరూ అడుగుతారు, దానికి ఒక అంకె చెప్పేవాళ్లను నమ్మకండి. ఎర్ర చెల్క నేల అయితే పొద్దున పోసిన నీళ్లు మర్నాటికి కిందికి దిగిపోతాయి. అదే నల్లరేగడి అయితే వారం పట్టుకుని కూర్చుంటుంది. కొత్త ప్లాట్లలో ఇంకో గొడవ, పునాది ఎత్తుకోసం పోసిన మొరం, ఇల్లు కట్టగా మిగిలిన సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు, పైన ఒక ట్రాక్టరు ఎర్రమట్టి. గడ్డపార దిగదు, నీళ్లు దిగవు. కాబట్టి వేలు మట్టిలో రెండు కణుపుల దాకా గుచ్చి చూడటమే, తడి తగిలితే ఆగడం, పొడిగా ఉంటే పోయడం, పోసినప్పుడు మాత్రం నిండుగా పోయడం. రోజూ పైపైన చిలకరిస్తే వేళ్లు కూడా పైపైనే ఉండిపోతాయి, మే నెలలో నాలుగు రోజులు ఊరెళ్తే చాలు, పైమట్టితో పాటే వేగిపోతాయి.

ఇప్పుడు అసలు విషయం, మన బోరు నీళ్లు. మన దగ్గర బోరు నీళ్లంటే బకెట్‌కు తెల్లచార కట్టడం, గీజర్ కాయిల్ పాడవడం మామూలు. ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలతో పాటు బైకార్బనేట్లు ఉంటాయి. ఏళ్ల తరబడి పోస్తుంటే మట్టి మెల్లగా క్షారం వైపు జరుగుతుంది. క్షారం ఎక్కువైన మట్టిలో ఇనుము కరగదు. కరగని ఇనుమును వేరు తీసుకోలేదు. ఎర్రమట్టి ఎర్రగా ఉండేదే ఇనుము వల్ల, అందులోనే నిలబడి మొక్క ఇనుము దొరక్క పాలిపోతుంది, ఉప్పు సముద్రం మధ్యలో పడవ మనిషి దాహంతో అలమటించినట్టు. లేత ఆకులు పసుపు పచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా కనిపిస్తే అది ఈ జబ్బే అని చాలావరకు అనుకోవచ్చు. నూరు వరహాలు దీనికి మొదటి బలి, ఎందుకంటే దానికి కాస్త పులుపు నేల కావాలి. కోస్తాలో, కేరళలో పెరళ్ల నిండా ఎర్రటి గుత్తులతో ఊగేది మా గేటు పక్కన ఆరునెలలు పసుపు కామెర్లు వచ్చినట్టు ఉండి పోయింది. ఎండకు మొండే, కానీ నీళ్ల గుణానికి నాజూకు.

దీనికి జనం రకరకాల వైద్యాలు చెబుతారు. తుప్పు పట్టిన మేకులు పాతమని ఒకరు. తుప్పు అంటే మళ్లీ కరగని ఇనుమే కదా, అది ఎర్రమట్టిలో ఇప్పటికే బండ్లకొద్దీ ఉంది. పుల్లమజ్జిగ పోయమని ఇంకొకరు, ముఖ్యంగా కరివేపాకుకు. ఇందులో కొంచెం అర్థం ఉంది, పులుపు వల్ల వేరు చుట్టూ కాసేపు క్షారం తగ్గుతుంది, కానీ మర్నాడు మళ్లీ బోరు నీళ్లే పోస్తాం కాబట్టి మళ్లీ మొదటికి. ఎరువుల షాపులో చీలేటెడ్ ఐరన్ అని, అంటే వేరు తీసుకునేలా కరిగే ఉండే ఇనుము, అమ్ముతారు, అందులోనూ ఈడీటీఏ రకం క్షారపు నేలలో నిలవదు, ఈడీడీహెచ్‌ఏ రకం నిలుస్తుంది, ధర కూడా ఎక్కువే. ఒక్క నూరు వరహాల మొక్క కోసం ఇంత అవసరమా అని నాకనిపించి వదిలేశాను. వానకాలంలో మిద్దె మీది నీళ్లను డ్రమ్ములో పట్టి, ఆ నీళ్లను పేచీ పెట్టే రెండు మూడు కుండీలకే పోస్తే ఖర్చు లేకుండా పని జరుగుతుంది. కరివేపాకు అలాగే తేరుకుంది, నేలలోకి మార్చాక ఇంకా బాగుంది.

నల్లగొండ అంటే ఫ్లోరైడ్ గుర్తు రాకుండా ఉండదు. నీళ్లలోంచి ఫ్లోరైడ్‌ను పటిక, సున్నం వేసి తీసే పద్ధతికి నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి పెట్టిన పేరే నల్లగొండ టెక్నిక్. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని మన దేశ ప్రమాణం. ఇప్పుడు తాగడానికి భగీరథ నల్లా నీళ్లున్నాయి, మొక్కలకు మాత్రం చాలా ఇళ్లలో ఇంకా బోరే. మొక్కలకు ఫ్లోరైడ్ ఏం చేస్తుందని ఎప్పుడైనా ఆలోచించారా? చాలావాటికి పెద్దగా ఏమీ చేయదు. కానీ స్పైడర్ ప్లాంట్, డ్రసీనా జాతి మొక్కలు దానికి బాగా నలుగుతాయి, లక్కీ బాంబూ అని అమ్మేది కూడా ఒక డ్రసీనానే, వెదురు కాదు. ఫ్లోరైడ్ నీళ్లతో పాటే పైకి పాకుతుంది, నీళ్లు ఆకు కొసల నుంచి ఆవిరవుతాయి, అది మాత్రం అక్కడే పేరుకుంటుంది. కొసలు గోధుమరంగులో మాడిపోతాయి, మనం ఎండ ఎక్కువైందని కుండీని నీడకు జరుపుతాం. నిజానికి మట్టిలో సున్నం ఎక్కువుంటే ఫ్లోరైడ్ కొంత దానికే అతుక్కుని మొక్కకు తక్కువ అందుతుంది, ఉప్పు ఎక్కువైనా కొసలు ఇలాగే మాడతాయి, కాబట్టి ఆకు చూసి ఇది ఫలానాదే అని తేల్చి చెప్పడం కష్టం. మందు మాత్రం రెండింటికీ ఒకటే, నీళ్లు మార్చడం. సూపర్ ఫాస్ఫేట్‌లో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది, దాన్ని వీటికి వేయకపోవడం మంచిది.

ఇంకో మాట, ఆర్వో మిషన్ పక్క పైపు నుంచి వచ్చే వృథా నీళ్లను చాలామంది ఆదా అనుకుని కుండీలకు పోస్తున్నారు. మిషన్ తీసేసిన ఉప్పులన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి, అసలు బోరు నీళ్లకంటే అవే చిక్కగా ఉంటాయి. ఇల్లు తుడవడానికి వాడండి, మొక్కలకు వద్దు. కుండీ అంచుకు తెల్లగా పొర కడితే ఒకసారి కింది రంధ్రం నుంచి ధారగా కారేదాకా మంచినీళ్లు పోసి ఉప్పును కడిగేయాలి.

ఆటోలో వచ్చే మొక్కల్లో చాలావరకు గోదావరి ఒడ్డున రాజమండ్రి పక్కనున్న కడియం నర్సరీల నుంచి వస్తాయి. అక్కడి ఒండ్రుమట్టి వేరు చుట్టూ గట్టిగా ముద్దలా ఉంటుంది. దాన్ని అలాగే మన చెల్కలో పాతితే, ఒకసారి ఆ ముద్ద ఎండి గట్టిపడిందంటే మనం పోసే నీళ్లు పక్కనుంచి జారిపోతాయి, ముద్ద లోపల పొడిపొడిగా ఉంటుంది. చుట్టూ తడే, మొక్క మాత్రం దాహంతో పోతుంది. నాటే ముందు ముద్దను బకెట్ నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచి, అంచుల్లో చేత్తో కాస్త వదులు చేసి పెట్టడం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

నోళ్ల సంగతి కూడా చెప్పాలి. ప్రహరీ లేని ఇళ్లకు మేకలే పెద్ద తెగులు. మేక ముట్టని మొక్కలు ఏవో చూస్తే మొండి మొక్కల పట్టిక సగం అక్కడే తయారవుతుంది: గన్నేరు, జిల్లేడు, సీతాఫలం, కలబంద. ముట్టకపోవడానికి కారణం మాత్రం గుర్తుపెట్టుకోవాలి, గన్నేరులో ప్రతి భాగం విషమే, గుండె మీద పనిచేసే విషం, పచ్చగన్నేరు కాయలైతే మరీ ప్రమాదం. పాకే పిల్లలున్న ఇంట్లో నేనైతే గన్నేరు పెట్టను, ఎంత మొండిదైనా సరే. ఆ జాగాలో కాగితం పూల తీగ పెట్టుకోవచ్చు. కాగితం పూలకు నీళ్లు తగ్గిస్తేనే రంగు వస్తుంది, ప్రేమగా రోజూ పోస్తే ఆకులే ఆకులు.

మొండితనం మరీ ఎక్కువైనా తిప్పలే. కోనోకార్పస్ గుర్తుందా? హరితహారంలో డివైడర్ల మీద వరసగా నాటారు, ఎండకు చెక్కు చెదరదు, ఏడాదిలో గోడలా లేస్తుంది. తర్వాత ప్రభుత్వమే దాన్ని నాటొద్దంది, గుజరాత్ 2023లో నిషేధించింది. వేళ్లు డ్రైనేజీ పైపుల్లోకి దూరతాయి, పుప్పొడితో అలర్జీలొస్తాయన్న ఫిర్యాదులూ ఉన్నాయి. ఇంటి సంపు పక్కన ఇంకా పెట్టుకుంటున్నవాళ్లున్నారు, చూస్తుంటే నాకు టెన్షన్.

ఇంటికో బత్తాయి పెట్టుకోవాలని మనవాళ్లకు ఆశ. జిల్లాకు పేరు తెచ్చింది కదా అని అది మొండిదనుకుంటాం. కాదు. బోర్లు ఎండిన ఏడాది తోటలను కాపాడుకోవడానికి రైతులు ట్యాంకర్లతో నీళ్లు పోసిన సంగతి మనకు తెలిసిందే. పండ్ల చెట్టే కావాలంటే సీతాఫలం మేలు, మనదైన రకం కూడా ఉంది, బాలానగర్. షాద్‌నగర్ దాటి జడ్చర్ల వైపు పోతుంటే వచ్చే ఆ బాలానగర్ పేరే.

ఏ ఉపాయం ఉన్న మొక్కైనా మొదటి ఏడాది పసిదే. లోతైన వేరు మొండితనం వేరు లోతుకు దిగాకే కదా వచ్చేది. మన దగ్గర ఏడాదికి పడే 600, 700 మిల్లీమీటర్ల వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు దాకానే, కాబట్టి మృగశిర వానలతో నాటితే ఎండాకాలానికి ముందు ఎనిమిది తొమ్మిది నెలలు చేతిలో ఉంటాయి. ఫిబ్రవరిలో గృహప్రవేశమని అప్పుడు నాటితే రోహిణి కార్తెలో, 45 డిగ్రీల ఎండలో దాన్ని కాపాడటం మీ వల్ల కాదు, నా వల్ల కాదు. మొదటి ఎండాకాలం మాత్రం మొక్క పక్కన చిన్న మట్టికుండ మెడదాకా పాతి, నీళ్లు నింపి మూత పెడితే అది నాలుగైదు రోజులు మెల్లగా చెమరుస్తూ వేళ్లకు అందిస్తుంది. కొత్తకుండే కావాలి, రంగు వేసింది పనికిరాదు. మొదట్లో ఆచ్ఛాదన, అంటే మట్టి మీద ఎండాకులో పొట్టో కప్పడం, మంచిదే గానీ, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు చవగ్గా దొరికే పల్లిపొట్టును కాండానికి ఆనించి పోయొద్దు, ఎర్రనేలలో చెదలను పిలిచినట్టే. పాలమూరు పిల్లలమర్రి, 700 ఏళ్లదని చెప్పుకునే అంతటి చెట్టు, చెదలు పట్టి కూలే స్థితికొస్తే 2018లో కొమ్మలకు సెలైన్ బాటిళ్లు కట్టి మందు ఎక్కించారు. మన ఇంటి మొక్కకు ఆ భాగ్యం ఉండదు. మిర్యాలగూడ రైసు మిల్లుల ఊక మట్టిలో కలిపితే గుల్లగా ఉంటుంది, అదే ఊక బూడిద మాత్రం క్షారం, బోరు నీళ్లున్న చోట వద్దు.

ఇప్పుడు గేటు పక్కన నూరు వరహాలు పోయిన గుంతలో తంగేడు ఉంది. మొక్క తెచ్చి నాటితే బతకలేదు, దాని తల్లివేరు తెగితే ఓర్చుకోదు, అందుకని దసరా తర్వాత ఎండిన కాయలు ఏరుకొచ్చి, గింజలను గరుకుబండ మీద రుద్ది, రాత్రంతా నానబెట్టి అక్కడే విత్తాను, ఆరులో రెండు మొలిచాయి. సీతాఫలం గుంతలో కూడా గింజే పడింది, బాలానగర్‌లో రోడ్డు పక్కన బుట్టలో కొన్న పండుది. కాయ చూడటానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. పోయిన నెల అదీ ఆకు రాల్చింది, ఇంట్లో మళ్లీ అదే మాట వచ్చింది. ఈసారి గోరుతో గీరి చూపించాను. పచ్చగానే ఉంది.